సీ డ్రైవ్ కంటే ముందు

మన క్లబ్బు సంచికలో జీవిత చరిత్ర అంటే మామూలుగా ఏ కవిదో, స్వాతంత్ర్య సమరయోధుడిదో వస్తుంది. నాది ప్రొద్దుటూరు కాబట్టి పుట్టపర్తి నారాయణాచార్యుల గారి గురించి రాస్తానని మా ఎడిటర్ అనుకున్నాడంట. ఆయన గురించి రాసేంత చదువు నాకింకా రాలేదు. నాకు చేతనైందల్లా పాత కంప్యూటర్లలో లినక్స్ ఎక్కించడం. అందుకని ఆ దారిలో తగిలిన ఒక మనిషి గురించి రాస్తున్నా. పేరు గ్యారీ కిల్డాల్. 1994లో పోయాడు. అప్పటికి మనమెవరమూ పుట్టలేదు.

ఎట్లా తగిలాడో ముందు చెప్తా. ప్రొద్దుటూరులో మా చిన్నాయనకి బంగారు అంగడి ఉంది. అందులో ఒక పాత కంప్యూటర్, 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, కొన్నప్పుడే వచ్చిన విండోస్ 7. పక్కన లినక్స్ పెడదామని డీ డ్రైవ్‌ని కుదించి 40 జీబీ ఖాళీ చేశా. డెబియన్ ఇన్‌స్టాలర్ ఆ ఖాళీని చూసి, ఇది వాడుకోవడానికి పనికిరాదు అని చూపించింది. ఖాళీ కళ్ళ ముందే ఉంది, కానీ పనికిరాదంట! కారణం చాలామందికి తెలిసే ఉంటుంది. పాత పద్ధతి డిస్కులో, అంటే ఎంబీఆర్ పద్ధతిలో, ప్రైమరీ పార్టిషన్లు నాలుగే ఉండాలి. కంపెనీవాళ్ళు ఇచ్చిన 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్ ఒకటి, సీ ఒకటి, డీ ఒకటి, రికవరీ ఒకటి. నాలుగు కుర్చీలూ నిండిపోయాయి. ఐదోవాడు వస్తే నిలబడాల్సిందే.

మందు కూడా పాతదే. డీలో ఉన్న లెక్కలన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి, తెరిచి చూసి, అప్పుడు డీని తీసేసి ఆ జాగాలో ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ పెట్టి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు కోశా. ఒకటి మళ్ళీ డీకి, ఒకటి లినక్స్‌కి, ఒకటి స్వాప్‌కి. సిస్టమ్ రిజర్వ్‌డ్‌ని తాకలేదు, విండోస్ బూట్ అయ్యేది అక్కడినుంచే. అంతా అయ్యాక ఎఫ్‌డిస్క్‌లోకి పోయి పార్టిషన్ల రకాలు సరిగ్గా పడ్డాయా అని చూశా. ఎల్ నొక్కితే అది గుర్తుపట్టే రకాలన్నిటి జాబితా ఇస్తుంది. 7 అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్, 82 లినక్స్ స్వాప్, 83 లినక్స్. ఆ జాబితాలో 52 దగ్గర సీపీ/ఎం అని ఉంది. కింద డీబీ దగ్గర మళ్ళీ అదే పేరు. ఈ సీపీ/ఎం ఎవురిదబ్బా అని వెతికితే వచ్చిన పేరే కిల్డాల్. తీరా చూస్తే అది కొత్త పేరు కూడా కాదు. మన కంపైలర్ డిజైన్‌లో డేటా ఫ్లో అనాలిసిస్ యూనిట్ ఉంది కదా, ఫిక్స్‌డ్ పాయింట్ వచ్చేదాకా లూప్ తిప్పే ఆ పద్ధతి ఈయనదే, 1973 నాటి పేపరు. పరీక్షకి చదివి, రాసి, మర్చిపోయాం.

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలో సియాటిల్ ఊర్లో పుట్టాడు. వాళ్ళ తాత అక్కడ ఓడలు నడిపేవాళ్ళకి దారి లెక్కలు నేర్పే బడి పెట్టాడు. నాయన కూడా అందులోనే పంతులు. చుక్కల్ని చూసి, కోణాలు కొలిచి, సముద్రంలో మనం యాడున్నామో తేల్చే విద్య అది. పిల్లోడు కూడా లెక్కల పంతులు అయితే చాలనుకుని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరాడు. అక్కడ కంప్యూటర్ కనపడింది, ఇంక లెక్కల పంతులు ఉద్యోగం మర్చిపోయాడు. స్కూలు రోజుల స్నేహితురాలు డొరొతీ మెక్‌యూవెన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఈమె పేరు గుర్తు పెట్టుకోండి, కథలో ఈమె భాగం జనం చెప్పుకునేదానికంటే పెద్దది.

వియత్నాం యుద్ధం రోజులవి. సైన్యంలో చేరక తప్పని వయసు. కిల్డాల్‌కి నౌకాదళం తరఫున కాలిఫోర్నియాలోని మాంటెరీలో నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో పాఠాలు చెప్పే పని దొరికింది. 1972లో తన యూనివర్సిటీనుంచి పీహెచ్‌డీ తీసుకున్నాడు. ఆ మధ్యలోనే, 1971లో ఇంటెల్ 4004 చిప్ వచ్చింది. కంప్యూటర్ అంటే గది నిండా ఉండే వస్తువు అనుకునే కాలంలో గోరంత చిప్పు. ఇంటెల్‌వాళ్ళు దాన్ని క్యాలిక్యులేటర్లకీ, ట్రాఫిక్ లైట్లకీ పనికొచ్చే సరుకనే చూశారు. కిల్డాల్ అది కంప్యూటరే కదా అనుకున్నాడు. కాలేజీ లేని రోజుల్లో ఇంటెల్‌కి పోయి కన్సల్టెంట్‌గా పనిచేశాడు, వాళ్ళకి పీఎల్/ఎం అనే భాష చేసిచ్చాడు. మైక్రోప్రాసెసర్లకి వచ్చిన మొదటి హై లెవెల్ భాష అదే.

భాష ఉంది, చిప్ ఉంది. ప్రోగ్రామ్ దాచుకునే చోటు లేదు. అప్పట్లో దిక్కు కాగితం టేపు, అందులో బెజ్జాలు. కిల్డాల్ షుగార్ట్ కంపెనీనుంచి పరీక్షల్లో అరిగిపోయిన 8 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ ఒకటి తెచ్చుకున్నాడు. దాన్ని చిప్‌కి కలిపే కంట్రోలర్ బోర్డు లేక అది చాలాకాలం ఊరికే పడుంది. ఈయన సాఫ్ట్‌వేర్ మనిషి, సోల్డరింగ్ చేతకాదు. చివరికి జాన్ టొరోడి అనే స్నేహితుడు బోర్డు కట్టిచ్చాడు. 1974లో ఆ డ్రైవ్‌ని నడపడానికి కిల్డాల్ రాసిన చిన్న ప్రోగ్రామే సీపీ/ఎం. ఫ్లాపీలో ఫైళ్ళ పేర్లు రాసుకోవడం, ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం, అడిగితే తెచ్చివ్వడం, ఇదీ దాని పని. డ్రైవ్‌లకి ఏ, బీ అని అక్షరాలు పెట్టడం పెద్ద ఐబీఎం యంత్రాల అలవాటు, ఈయన దాన్ని చిన్న కంప్యూటర్‌కి తెచ్చాడు. మన విండోస్ సీతో మొదలవుతుందంటే ఏ, బీ ఫ్లాపీలకి పోయాయి కాబట్టి. ఫ్లాపీలు పోయి ఎన్నేళ్ళయినా ఆ రెండు అక్షరాలూ పెద్దలకి వేసిన పీటల్లాగా ఖాళీగానే ఉన్నాయి.

మనకి నచ్చే ముచ్చట ఒకటి. సీపీ/ఎం ముక్కలు మొదట్లోనే పనిచేసిన చోట్లలో ఒకటి జాతకాలు చెప్పే మిషన్! నాణెం వేసి, పుట్టిన తేదీ తిప్పితే కాగితం మీద జాతకం వస్తుంది. బెన్ కూపర్ అనే ఆయనతో కలిసి చేశారు. డబ్బులు రాలేదు. తయారుచేసినవాళ్ళ జాతకం ఆ మిషన్ చెప్పలేదు కాబోలు.

సీపీ/ఎంని ఇంటెల్‌కి చూపిస్తే వాళ్ళు పట్టించుకోలేదు. దాంతో గ్యారీ, డొరొతీ ఇద్దరే 1974లో కంపెనీ పెట్టారు. పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్. తర్వాత ముందున్న పెద్ద మాట తీసేసి డిజిటల్ రీసెర్చ్ అని ఉంచుకున్నారు. మాంటెరీ పక్కన పసిఫిక్ గ్రోవ్ అనే సముద్రపు ఒడ్డు ఊర్లో పని. ఆయన కోడ్ రాస్తే, బేరాలు, కాంట్రాక్టులు ఆమె చూసేది. మ్యాగజైన్లలో ప్రకటన వేసి కాపీ 70 డాలర్ల చొప్పున అమ్మేవాళ్ళు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. అప్పట్లో ప్రతి కంప్యూటర్ కంపెనీది ఒక్కో రకం బోర్డు. ఒకదానికి రాసింది ఇంకోదాని మీద నడవదు. ఐఎంఎస్ఏఐ అనే కంపెనీ వచ్చి మా మిషన్‌కి కావాలి అంటే మళ్ళీ మొత్తం తిరగరాయాలి. కిల్డాల్ విసుగెత్తి ఒక పని చేశాడు. బోర్డుని బట్టి మారే భాగాన్నంతా కోసి ఒక చిన్న ముక్కగా పక్కన పెట్టాడు. మిగతాది ఎక్కడికి పోయినా మారదు. కొత్త మిషన్ వస్తే ఆ చిన్న ముక్క ఒక్కటి రాసుకుంటే చాలు. దానికి ఆయన పెట్టిన పేరు బయాస్. అవును, మనం డిలీట్ కీ టపటపా కొట్టి లోపలికి పోతామే, ఆ మాట ఈయనదే. ఈ ఒక్క కోతతో సీపీ/ఎం దాదాపు 3000 రకాల కంప్యూటర్ల మీదికి పోయింది.

బయాస్ మంచిదే, కానీ దానికి తెలిసినంతే దానికి తెలుసు. జమ్మలమడుగులో మా మామ జిరాక్సు షాపు కంప్యూటర్ కథ ఇదే. పెంటియం 4 మిషన్‌కి తర్వాత ఎవరో 250 జీబీ డిస్కు తగిలించారు. దానికి లినక్స్ వేయమని మామ ఒకతన్ని పిలిస్తే, అతను డిస్కు చివర్లో ఉన్న ఖాళీలో వేశాడు. ఇన్‌స్టాల్ బాగానే అయింది, రీస్టార్ట్ చేస్తే గ్రబ్ మాత్రం నేను చదవాల్సింది డిస్కు బయట ఉంది అని ఆగిపోయింది. డిస్కు బయట ఏముంటుంది? సంగతేంటంటే ఆ కాలం బయాస్‌లకి డిస్కులో 137 జీబీ దాకానే చూపు. సెక్టార్ నంబరుకి 28 బిట్లే కేటాయించారు, సెక్టారుకి 512 బైట్లు, లెక్క వేసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లినక్స్ సొంతంగా డిస్కుని చదువుతుంది, దానికి ఆ అడ్డు లేదు. గ్రబ్ మాత్రం బయాస్ కళ్ళతో చూస్తుంది. అందుకే కెర్నెల్ ఉండే బూట్ పార్టిషన్‌ని, 1 జీబీ అయినా చాలు, డిస్కు మొదట్లో పెట్టాలి. మిగతా లినక్స్ ఎంత దూరంలో ఉన్నా పర్వాలేదు.

అతను అది తెలియక జీపార్టెడ్‌లో కొత్త పార్టిషన్ టేబుల్ సృష్టించు అనేది నొక్కి, అన్నీ మాయమయ్యేసరికి భయపడి వదిలేసి పోయాడు. ఆ డిస్కులో మా జేజి ఫోటోలు ఉన్నాయి. ఆమె చనిపోయాక వేరే కాపీ ఎవరి దగ్గరా లేదు. మామ మొహం చూడలేకపోయా. కానీ పార్టిషన్ టేబుల్ అంటే పొలం కాదు, పాసుబుక్కు. పాసుబుక్కు చిరిగితే చేను ఎక్కడికీ పోదు, గట్లు అక్కడే ఉంటాయి, మళ్ళీ సర్వే చేయించాలి అంతే. ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా తీసి, నా కంప్యూటర్‌కి తగిలించి, ముందు డీడీరెస్క్యూతో మొత్తం డిస్కుకి నకలు తీశా. తర్వాత ఆ నకలు మీద టెస్ట్‌డిస్క్ నడిపా. అది డిస్కంతా నడుచుకుంటూ పోయి ఎన్‌టీఎఫ్‌ఎస్ మొదలు గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టుకొచ్చింది. రాసే ముందు ఫైళ్ళ జాబితా చూపిస్తుంది, అందులో ఫోటోల ఫోల్డర్ కనపడింది. జేజి మైలవరం డ్యాం దగ్గర ఎండకి కళ్ళు చిట్లించి నిలబడ్డ ఫోటోతో సహా అన్నీ వచ్చాయి. ఎవరి డిస్కు పోయినా మొదట చేయాల్సింది ఇదే. దాని మీద ఒక్క బైటు కూడా రాయకుండా ఆపడం, నకలు తీయడం, ఆ తర్వాతే ప్రయోగాలు.

తిరిగి కిల్డాల్ దగ్గరికి. 1979లో సీపీ/ఎం 2 వచ్చేనాటికి హార్డ్ డిస్కులు కూడా మొదలయ్యాయి. ఒక్కో డ్రైవ్ 8 ఎంబీ దాటకూడదు, డ్రైవ్‌లు మాత్రం ఏ నుంచి పీ దాకా 16 ఉండొచ్చు. పెద్ద డిస్కు వస్తే? బయాస్‌లో ప్రతి డ్రైవ్‌కీ ఒక చిన్న పట్టిక ఉండేది. ట్రాకుకి ఎన్ని సెక్టార్లు, బ్లాకు సైజు ఎంత, మొదట్లో ఎన్ని ట్రాకులు వదిలేయాలి, ఇట్లాంటివి. ఆ చివరి అంకెని పెంచుకుంటూ పోతే ఒకే డిస్కుని వరసగా ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక్కో అక్షరం ఇవ్వొచ్చు. ఆ సంగతి వాళ్ళ మాన్యువల్‌లోనే ఉంది. పార్టిషన్ అంటే ఇదే కదా. తేడా ఒకటే, ఇక్కడ గట్లు ఎక్కడున్నాయో డిస్కుకి తెలీదు, బయాస్‌కే తెలుసు. డిస్కుని ఇంకో మిషన్‌కి మార్చితే గోవిందా.

1980లో ఐబీఎం వచ్చింది. ఇది అందరికీ తెలిసిన కథ, అందరికీ తప్పుగా తెలిసిన కథ కూడా. ఐబీఎం మనుషులు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పసిఫిక్ గ్రోవ్ వస్తే కిల్డాల్ సరదాగా విమానం నడుపుకుంటూ ఆకాశంలో ఉన్నాడని, అందుకే చేతికొచ్చిన అదృష్టం గేట్స్‌కి పోయిందని చెప్పుకుంటారు. ఆయన సొంత విమానంలో పోయింది నిజం. పోయింది మాత్రం బిల్ గాడ్‌బౌట్ అనే కస్టమర్‌కి సాఫ్ట్‌వేర్ ఇవ్వడానికి. కంపెనీల బేరాలు ఎప్పుడూ డొరొతీవే, ఆ రోజూ ఆమే కూర్చుంది. ఐబీఎం పెట్టిన రహస్య ఒప్పందం కాగితం మీద సంతకానికి ఆమె, లాయరు తటపటాయించారు. మధ్యాహ్నం కిల్డాల్ వచ్చాక ఏం జరిగిందనే దాని మీద ఆ గదిలో ఉన్నవాళ్ళే తలా ఒక మాట చెప్పారు. నా మటుకు నాకు, చూడకుండా సంతకం పెట్టనన్న మనిషిని తప్పుపట్టాలనిపించదు. మన ఊర్లో బంగారం కుదువ పెట్టేటప్పుడు కూడా రసీదు చదువుతాం.

తర్వాత జరిగింది నిజంగా నొప్పి పుట్టించేది. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ ప్యాటర్సన్ 8086 చిప్ కోసం ఒక ఓఎస్ రాశాడు. ప్రోగ్రాములు సులభంగా మార్చుకోవడానికి వీలుగా సీపీ/ఎం పిలుపుల తీరునే అందులో పెట్టాడు. మైక్రోసాఫ్ట్ దాన్ని కొని ఐబీఎంకి ఇచ్చింది. అదే పీసీ డాస్. కిల్డాల్ అడ్డం తిరిగాక, సీపీ/ఎం-86 కూడా పక్కనే అమ్ముతామని ఐబీఎం ఒప్పుకుంది. సరే కొనేవాడే తేల్చుకుంటాడులే అనుకున్నాడు ఈయన. 1981లో పీసీ వచ్చింది. రేట్లు చూస్తే పీసీ డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం-86 ఏమో 240. ఇంక తేల్చుకోవడానికేముంది?

1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్ డిస్కుతో వచ్చింది, దాంతోపాటు డాస్ 2.0, ఎఫ్‌డిస్క్. డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లలో బూట్ కోడ్ పోను, చివరి గుర్తు రెండు బైట్లు పోను, 64 బైట్లు పట్టికకి మిగిల్చారు. ఒక్కో పార్టిషన్‌కి 16. మా చిన్నాయన అంగట్లో నన్ను ఆపిన నాలుగు అదే నాలుగు. 10 ఎంబీ డిస్కుకి ఎవడికైనా నాలుగు ముక్కలెందుకు? డాస్ ఒక ముక్కలో ఉంటే ఇంకో ముక్కలో ఇంకో ఓఎస్ పెట్టుకోవచ్చని. ఆ రోజుల్లో పీసీలో ఇంకో ఓఎస్ అంటే ముందు గుర్తొచ్చేది సీపీ/ఎం-86. విండోస్ పక్కన లినక్స్ పెట్టుకునే మన డ్యూయల్ బూట్ వెసులుబాటు అప్పటి జాగాలోదే.

కిల్డాల్ ఊరికే కూర్చోలేదు. కంపెనీనుంచి మల్టీటాస్కింగ్ ఓఎస్‌లు వచ్చాయి, అటారీ ఎస్‌టీలో కనపడే జెమ్ అనే గ్రాఫికల్ తెర వచ్చింది. 1985లో ఇంకో చిన్న కంపెనీ ద్వారా గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియాని సీడీ రామ్ మీదికి ఎక్కించాడు. 1983నుంచి 1990దాకా కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమంలో స్టువర్ట్ షిఫేతో కూర్చుని, పోటీ కంపెనీల సరుకుని కూడా నెమ్మదిగా, ఇష్టంగా వివరించేవాడు. పాత ఎపిసోడ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. హాస్టల్ వైఫైలో కూడా ఆడతాయి. 1988లో కంపెనీ డీఆర్ డాస్ తెచ్చింది. అప్పటి ఎంఎస్ డాస్ 3.3లో ఒక పార్టిషన్ 32 ఎంబీ దాటదు, డీఆర్ డాస్ దాటింది. కొన్నాళ్ళకి విండోస్ 3.1 బీటాలో, కింద ఉన్నది డీఆర్ డాస్ అయితే అర్థం కాని ఎర్రర్ చూపించే దాపుడు కోడ్ ఒకటి బయటపడింది. దాని మీద కేసు 2000లో డబ్బులిచ్చి రాజీ చేసుకునేదాకా నడిచింది. కిల్డాల్ అప్పటికి లేడు.

పులివెందులలో మా అన్న ల్యాప్‌టాప్ గురించి రెండు ముక్కలే, ఎందుకంటే అది కిల్డాల్ లోకం కాదు. విండోస్ 8తో వచ్చిన మిషన్, పాత బయాస్ పోయి యూఈఎఫ్ఐ, ఎంబీఆర్ పోయి జీపీటీ. నాలుగు అనే గొడవ లేదు, 128 దాకా పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ని లెగసీ మోడ్‌లో బూట్ చేస్తే మాత్రం లినక్స్ ఎక్కినా విండోస్‌తో కలవదు. లైవ్‌లో ఉన్నప్పుడు సిస్ ఫోల్డర్ కింద ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందో లేదో చూడండి, ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. ఈఎఫ్ఐ పార్టిషన్‌ని వాడుకోండి, ఫార్మాట్ చేయొద్దు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయకపోతే అది నిజంగా షట్‌డౌన్ కాదు, లినక్స్ ఆ డ్రైవ్‌లో రాయనని మొరాయిస్తుంది.

1991లో డిజిటల్ రీసెర్చ్‌ని నోవెల్ కొనుక్కుంది. కిల్డాల్ టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గరికి మారాడు. డబ్బుకి లోటు లేదు. డొరొతీతో విడాకులు ఎప్పుడో అయిపోయాయి, తాగుడు పెరిగింది. ఎక్కడికి పోయినా గేట్స్‌కి వదిలేసినవాడు నువ్వేనా అన్న ప్రశ్నే. 1992లో ఆయన చదివిన యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విభాగం వార్షికోత్సవం చేసింది. అక్కడ పీహెచ్‌డీ చేసిన ఈయన్ని ప్రేక్షకుల్లో కూర్చోవడానికి పిలిచి, ముఖ్య ప్రసంగానికి బిల్ గేట్స్‌ని పిలిచింది. గేట్స్ చదువు మధ్యలో ఆపింది హార్వర్డ్‌లో, అసలు ఈ యూనివర్సిటీ విద్యార్థే కాదు. ఆ మంట మీదే కిల్డాల్ తన జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టాడు. అచ్చు వేయించలేదు, 1993లో కొద్దిమంది దగ్గరివాళ్ళకి మాత్రం కాపీలు ఇచ్చాడు.

1994 జులై 8న మాంటెరీలో ఒక బార్‌లో ఆయన తలకి దెబ్బ తగిలింది. మూడు రోజులకి, జులై 11న, చనిపోయాడు. వయసు 52. సియాటిల్‌లోనే పూడ్చారు.

2014లో పసిఫిక్ గ్రోవ్‌లో లైట్‌హౌస్ అవెన్యూ మీద, డిజిటల్ రీసెర్చ్ నడిచిన ఇంటి ముందు, ఐఈఈఈ వాళ్ళు ఒక ఫలకం పెట్టారు. 2016లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఆయన జ్ఞాపకాల మొదటి భాగాన్ని, పిల్లల అనుమతితో, ఉచితంగా బయటపెట్టింది. మిగతా భాగం ఆ చివరి ఏళ్ళ బాధలో రాసిందని కుటుంబం తమ దగ్గరే ఉంచుకుంది. బయటికొచ్చినంతవరకు నేను చదివా. కావాల్సినవాళ్ళు ఆ మ్యూజియం సైట్‌లో దించుకోవచ్చు. ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది.